భీమరాజు చారు, పక్కగది రొట్టె

జెబెల్ అలీ రేవుకి కాస్త ఎడంగా ఉన్న ఆ క్యాంపులో, రెండో అంతస్తులో, పదకొండో గదిలో ఉండే భీమరాజుకి వంట రాదన్న సంగతి ఒక్క భీమరాజుకి తప్ప అందరికీ తెలుసు. రాదంటే బొత్తిగా రాదని కాదు. అన్నం వండితే మెతుకు మెతుకూ విడిగానే ఉంటుంది, కాకపోతే కొన్ని ఉడుకుతాయి, కొన్ని ఉడకవు. కూర రంగు చూస్తే నోరూరుతుంది, ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆ ఊరింది కాస్తా ఆరిపోతుంది. అయినా గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాడంటే, ఆ నడుం మీద చెయ్యి, ఆ తల ఎగరేయడం చూసి కొత్తగా వచ్చినవాళ్ళు ఈయనెవరో పెళ్ళిళ్ళకి వండే మనిషి అనుకునేవారు. ఒకసారి తిన్నాక అనుకోవడం మానేసేవారు.

ఆ ధీమా ఆయనకి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. రాజోలు దగ్గర, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు వాళ్ళది. తమ ఇంట్లోకి బజారు నుంచి ఉప్పూ కిరసనాయిలూ తప్ప ఇంకేమీ రావని ఆ తండ్రి ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. కొబ్బరి మట్టలు పొయ్యిలోకి, ఈనెలు చీపుళ్ళకి, పీచు తాళ్ళకి, కాయ కూరలోకి, నూనె తలకి. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లాడి జుట్టు కూడా ఆయనే కత్తిరించేవాడు, చొక్కాలు వాళ్ళమ్మ కుట్టేది. బడిలో తీసిన ఫోటో ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో భీమరాజు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు చొక్కా తొడుక్కుని, ఒక్క చెవి మీద మాత్రమే జుట్టు పెట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. ఊళ్ళో దర్జీ ఉన్నాడు. ఆ దర్జీకి వీళ్ళింటి మీద ఎంత కోపమంటే, వీళ్ళ దగ్గర కాయ కొనకూడదని తన పెరట్లో తనే నాలుగు కొబ్బరిమొక్కలు పాతుకున్నాడు. అవి కాపుకొచ్చేదాకా వాళ్ళింట్లో పచ్చడి లేదు, వీళ్ళింట్లో సరైన చొక్కా లేదు.

పెద్దయ్యాక భీమరాజు చేయని పని లేదు. కొన్నాళ్ళు ఆటో తోలాడు, షామియానాలు కట్టాడు, మోటార్లు బాగుచేశాడు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉన్నాడు. ఏ పనైనా నాలుగురోజుల్లో పట్టేసేవాడు, ఐదోరోజు ఇంకోటి మొదలుపెట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య శ్రీదుర్గ చేసిన మొదటి పని, మొగుడి చొక్కా గుడ్డ తీసుకెళ్ళి ఆ దర్జీ చేతిలో పెట్టడం. అత్తగారు రెండురోజులు అలిగింది. రెండు చేతులూ సమంగా ఉన్న చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకున్న భీమరాజు ఆ చొక్కా చిరిగేదాకా వదల్లేదు.

దుబాయ్ వచ్చాక ఆయనకి దొరికింది ఒకే ఒక్క పని. జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో ఒక గోడౌనులో, చేలకి నీళ్ళు తోడే పంపుల సామాను ఒక్కో పెట్టెలో సర్దడం. మోటారు ఇటలీది, పైన తొడుగు కోయంబత్తూరుది, మధ్యలో వేసే రబ్బరు చుట్ట మలేషియాది, వైరు చైనాది, అన్నిటినీ కలిపి మూసే అట్టపెట్టె షార్జాది. అవన్నీ ఈ రేవులో దిగి, భీమరాజు చేతుల మీదుగా ఒక పెట్టెలోకి చేరి, మళ్ళీ ఓడెక్కి కెన్యాకో టాంజానియాకో పోతాయి. ఆ సర్దడంలో ఆయన్ని మించినవాడు ఆ హాల్లో లేడు. కళ్ళు మూసుకుని కూడా సర్దేవాడు. కానీ ఆ సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. అదీ ఒక పనేనా అనుకునేవాడు.

ఒకరోజు ఆ రబ్బరు చుట్టని వేలికి తగిలించి తిప్పుతూ, గోడౌను చూసుకునే తహ్మీనా మేడమ్‌ని అడిగాడు. ఆమెది హైదరాబాదు, తెలుగు బాగా మాట్లాడుతుంది.

"ఇంత మోటారు చేసినోళ్ళకి ఈ చుట్ట చెయ్యడం చేతకాదాండీ? దీనికోసం ఇంకో దేశం వెళ్ళాలా?"

"చేతకాక కాదు భీమరాజుగారూ, తీరిక లేక," అందామె, చేతిలోని స్కానరు మీంచి తల ఎత్తకుండా.

భీమరాజు తలూపాడు. తీరిక లేదంటే ఒళ్ళు వంగదనే, ఇటలీవాళ్ళు బద్ధకస్తులన్నమాట అని మనసులో తేల్చేసుకుని, ఆ మాట అక్కడే వదిలేశాడు.

పదకొండో గదిలో మెస్సు ముగ్గురిది. మెస్సంటే కలిసి సరుకులు తెచ్చుకుని, వంతులవారీగా వండుకుని, ఒకేచోట కూర్చుని తినడం. ఒకరు రాయచోటి ఇనాయతుల్లా, కరెంటు పని. నెమ్మదస్తుడు, మాట తక్కువ, చిన్నప్పుడు వాళ్ళూళ్ళో హోటల్లో పనిచేసినవాడు. ఇంకొకరు జగిత్యాల రాజేశ్వర్, కంపెనీ బస్సు నడుపుతాడు. మనసులో మాట దాచుకోవడం ఆయన వల్ల కాదు. మూడోవాడు భీమరాజు. గల్ఫులో ఉండేవాడికి ఆ కంచాలు మూడూ ఒకచోట కనబడటం ఎంత ముఖ్యమో, ఒంటరిగా మంచం మీద కూర్చుని పాకెట్ రొట్టె కొరుక్కుతిన్నవాళ్ళకే తెలుస్తుంది. మొదట్లో దేరాలో, ఒక మంచం మాత్రమే అద్దెకిచ్చే బెడ్‌స్పేస్‌లో ఉన్నప్పుడు భీమరాజు అలా తిన్నాడు.

కరోనా వచ్చింది. క్యాంపు గేటు మూశారు, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య తాడు కట్టారు, గదికీ గదికీ రాకపోకలు వద్దన్నారు. కంపెనీవాళ్ళు సరుకులు తలుపు దగ్గర పెట్టి పోతే, ఉమ్మడి వంటగదిలోకి ఒక్కో గదివాళ్ళూ ఒక్కో వేళకి వెళ్ళి వండుకోవాలి. లోకమంతా దిగులుపడుతుంటే భీమరాజు మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి తన గదిలో తన తండ్రి రాజ్యం వచ్చింది. పెరుగు తోడుపెట్టాడు, నిమ్మకాయ ఊరగాయ పెట్టాడు, రొట్టెలు ఒత్తాడు. చివరికి కిటికీలో వడియాలు కూడా ఆరబెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఇసుకగాలి వచ్చింది. కరకరలాడుతున్నాయని ఆయన మెచ్చుకుంటూ తిన్నాడు గానీ, మిగతా ఇద్దరికీ కరకర ఎందుకొచ్చిందో తెలుసు. ఇక రొట్టెల సంగతి చెప్పనక్కర్లేదు. గోడకి మేకు కొట్టడానికి సుత్తి దొరక్కపోతే ఆయన రొట్టె వాడానని రాజేశ్వర్ ఈనాటికీ అంటాడు. అందులో అబద్ధం ఎంతో ఎవరూ తేల్చలేదు.

తాళ్ళు తీశాక అసలు కష్టం మొదలైంది. పక్కన పన్నెండో గదిలో స్వాత్ లోయ పఠాన్లుంటారు. గోడలు కట్టే మేస్త్రీలు. వాళ్ళలో గుల్ జమాన్ అనే పెద్దాయన రొట్టె చేస్తే, చేటంత వెడల్పున, కాలిన చోట మచ్చలతో, మెత్తగా మడతపడుతూ వస్తుంది. వంటగది మళ్ళీ అందరిదీ అయిన రోజు ఆ వాసన రాజేశ్వర్ ముక్కుకి తగిలింది. ఆ సాయంత్రమే పంచాయితీ పెట్టాడు.

"అన్నా, నీ రొట్టెకో దండం. ఇగ నాతోని గాదు. పన్నెండో గది రొట్టె మన మెస్సుకు రావాలె. లేకుంటే నేనే మెస్సు ఇడిసిపెట్టి ఆడ తింట."

భీమరాజుకి తల కొట్టేసినట్టయింది. పక్కగదికి గిన్నె పట్టుకుని వెళ్ళడమంటే ఆయన లెక్కలో అడుక్కోవడమే. కానీ రాజేశ్వర్ వెళ్ళిపోతే మెస్సు ఉండదు. ఇనాయతుల్లా ఎంతకాలం ఉంటాడు, ఇంకో నెలలో ఆయనా ఏదో గదిలో చేరతాడు. అప్పుడు మళ్ళీ మంచం మీద ఒంటరిగా ఆ పాకెట్ రొట్టె కొరుక్కోవాలి. ఆ భయానికి ఆయన తలొంచాడు గానీ ఒక షరతు పెట్టాడు. రొట్టె ఊరికే తీసుకునేది లేదు, బదులుకి మన గది నుంచి కూడా ఏదో ఒకటి వెళ్ళాలి, అది తన చేతిదై ఉండాలి.

అక్కణ్ణించి భీమరాజు దండయాత్ర సాగింది. మొదటిరోజు గుత్తివంకాయ పంపాడు. ఖాళీ గిన్నె వచ్చింది, పొంగిపోయాడు. మర్నాడు చెత్తబుట్టలో వంకాయలు కనిపించాయి. పులిహోర పంపాడు, తిరిగొచ్చింది. బొబ్బట్లు పంపితే గుల్ జమాన్ ఒకటి తిని, చాలా మర్యాదగా, నీకు దేవుడు మేలు చేయుగాక అని మిగతావి వెనక్కిచ్చాడు. ఈలోపు ఇనాయతుల్లా సెలవురోజున బిర్యానీ చేశాడు. ఓ పెద్ద పళ్ళెం పన్నెండో గదికీ, ఇంకో పళ్ళెం చేపలు బాగా వండే బంగ్లాదేశ్ వాళ్ళ పద్నాలుగో గదికీ వెళ్ళింది. రెండు పళ్ళాలూ నాకినట్టు తిరిగొచ్చాయి. ఒకదాంట్లో రొట్టెలు, ఒకదాంట్లో చేపముక్కలు. ఆ రోజు నుంచీ వారంవారం ఆ ఏర్పాటు ఖాయమైపోయింది. బిర్యానీకి రొట్టె వస్తోంది, చేప వస్తోంది. భీమరాజు చేతి నుంచి మాత్రం ఎవరూ ఏమీ అడగటం లేదు. మెస్సులో ఆయన కంచం ఉంది గానీ, ఆ కంచానికి ఆయన వంతుగా ఏముందో ఆయనకే తెలియలేదు. రాత్రి భార్యకి ఫోన్ చేసి, ఇక్కడ నాకు పని లేకుండా పోయిందే అన్నాడు. హాయిగా తిని పడుకోక ఎందుకా ఏడుపు అంది శ్రీదుర్గ.

తర్వాత జరిగింది పొరపాటున జరిగింది. ఒక శుక్రవారం చారు పెట్టే గిన్నె పద్నాలుగో గదిలో ఉండిపోయింది. భీమరాజుకి అన్నంలోకి చారు లేకపోతే భోజనం చేసినట్టుండదు. దొరికిన టీ కెటిల్లోనే చింతపండు పిసికి, మిరియాలూ జీలకర్రా దంచి పోసి, పోపు వేసి, మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచి స్నానానికి వెళ్ళాడు. గుల్ జమాన్ సరిగ్గా అలాంటి కెటిల్లోనే రోజూ పచ్చ టీ కాచుకుంటాడు, కావా అంటాడు దాన్ని. ఆ రోజు ఆయనకి జలుబు. సిమెంటు దుమ్ముకి గొంతు పూడుకుపోయి ఉంది. కెటిల్ చూసి తనదే అనుకుని గ్లాసు నిండా వంపుకుని ఒక గుక్క వేశాడు.

స్నానం చేసి వచ్చిన భీమరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. గుల్ జమాన్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు. పెద్దాయనకి ఏదో అయిపోయిందని భీమరాజు గాబరాపడి నీళ్ళ సీసా అందించబోయాడు. ఆయన కళ్ళు తెరిచి, సీసా పక్కకి నెట్టి, గ్లాసు ముందుకి చాచాడు. ఇంకొంచెం పొయ్యమని.

ఆ వారం పన్నెండో గది మొత్తం గ్లాసులు పట్టుకుని వచ్చింది. వాళ్ళకి అన్నంలో కలుపుకునే అలవాటు లేదు, టీ తాగినట్టు ఊదుకుంటూ తాగేవారు. పైవారం పద్నాలుగో గది వచ్చింది. దానికి వాళ్ళే మద్రాసీ కావా అని పేరు పెట్టుకున్నారు. మాది మద్రాసు కాదు బాబూ, రాజోలు అని భీమరాజు ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. వినకపోయినా పర్లేదనుకున్నాడు, గ్లాసులు ఖాళీ అవుతున్నాయి కదా. పెద్ద గిన్నె కొన్నాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి రాగానే చింతపండు నానబెట్టడం, సాయంత్రం బస్సులు దిగేసరికి పొగలు కక్కే చారు తయారుగా ఉంచడం ఆయన నిత్యకృత్యమైపోయింది. రొట్టె చేయడం మానేశాడు. పెరుగు తోడుపెట్టడం మానేశాడు, వడియాల పేరెత్తలేదు. మొత్తం అంతస్తు ఊపిరి పీల్చుకుంది.

ఆ రోజుల్లోనే గోడౌనులో ఒక వింత చూశాడు. పక్క వరసలో ఇటుకల్లాంటి గోధుమరంగు దిమ్మల పెట్టెలు దిగాయి. మీద రాసింది చదివితే తమ కోనసీమవే. కొబ్బరిపీచు తీశాక మిగిలే పొట్టు, నీళ్ళు పోస్తే ఉబ్బి తడిని పట్టి ఉంచుతుందట, ఈ ఎడారిలో తోటలకి కొంటున్నారట. భీమరాజు ఒక దిమ్మని దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. కళ్ళు చెమర్చాయి. తండ్రికి ఫోన్ చేస్తే ఆయన నమ్మలేదు. కాలవగట్టున పారబోసే పొట్టు కొనే వెర్రివాళ్ళు లోకంలో ఉంటారా, నీకెవరో టోపీ వేశారు అన్నాడు. భీమరాజు నవ్వుకుని, ఆ సాయంత్రం చారులో మిరియాలు ఇంకాస్త ఎక్కువే వేశాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఈలోపు వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది, దాంతోపాటే బిర్యానీ కూడా. తన చారు లేకపోతే ఈ అంతస్తు ఏమైపోతుందో అన్న ధీమా మళ్ళీ పూర్వంలా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అప్పుడొచ్చింది ఆ జనవరి జలుబు. క్యాంపంతా ఖళ్ళుఖళ్ళున దగ్గుతోంది. భీమరాజుకి జ్వరం కూడా తగిలి మంచం దిగలేకపోయాడు. చారు ఎవరు పెడతారన్నదే ఆయన దిగులు. శుక్రవారం సాయంత్రం ఇనాయతుల్లా గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. ఒక గుక్క తాగి భీమరాజు ఆగిపోయాడు. పులుపు పులుపులా ఉంది, కారం కారంలా ఉంది, వెల్లుల్లి ఎక్కడుందో తెలియకుండా అంతటా ఉంది. ముక్కు పనిచేయని మనిషికి కూడా తేడా తెలిసిపోయింది. ఇంత బాగున్న చారు ఆయన జన్మలో పెట్టలేదు.

ఎవరు పెట్టారని అడిగాడు. ఇనాయతుల్లా గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. అవతలి మంచం మీద బూట్లు విప్పుతున్న రాజేశ్వర్‌కి నోరు ఊరుకోలేదు.

"ఇనాయత్ భాయే. నీకంటే మస్తు జేస్తడు గదా అన్నా. మాకు ఎప్పుడో ఎర్కే."

భీమరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండేళ్ళ చారు ఒక్కసారిగా చేదెక్కింది. అంటే వీళ్ళకి ముందు నుంచీ తెలుసు. అంతకంటే బాగా పెట్టేవాడు గదిలోనే ఉండగా, తనకి ఏమీ రాదు కదా పాపం అని, పిల్లాడి చేతిలో గిలక్కాయ పెట్టినట్టు ఆ చారు గిన్నె తన చేతిలో పెట్టారు. తను దాన్ని పట్టుకుని తల ఎగరేశాడు. శనివారమంతా ఆయన గోడవైపు నుంచి ఇటు తిరగలేదు. సిగ్గు ఒకవైపు, కోపం ఒకవైపు, వాటి కింద ఇంకోటి. ఇకమీదట ఈ ఇద్దరి మధ్య కూర్చుని ఏ మొహంతో తినడమన్న దిగులు.

ఆదివారం పొద్దెక్కాక ఓపిక చేసుకుని లేచాడు. అరలో వరసగా ఉన్న మూడు కంచాల్లోంచి తనది తీసి మంచం కింద పెట్టుకున్నాడు, గ్లాసు కూడా తీసుకున్నాడు. వంటగది నుంచి ఇనాయతుల్లా చెమటలు తుడుచుకుంటూ వచ్చి ఆ అర చూశాడు. మంచం కింద చూశాడు.

"నా వంట నేను వేరే చూసుకుంటానండి ఇనాయత్ భాయ్," అన్నాడు భీమరాజు. చిన్నవాడినైనా కోపం వస్తే అండీ అనడం వాళ్ళ వైపు మర్యాద. "మీకెందుకు భారం? చారు కూడా నాకంటే మీరే బాగా పెడతారంట కదా."

ఇనాయతుల్లా జవాబు చెప్పేలోపు తలుపు ఎవరో బాదారు. గుల్ జమాన్. చేతిలో గుడ్డ కప్పిన రొట్టెల దొంతర, వెనకాల ఇద్దరు కుర్ర మేస్త్రీలు. వాళ్ళ వెనక ఖాళీ పళ్ళెం పట్టుకుని పద్నాలుగో గది షఫీకుల్. మొహాలన్నీ వాడిపోయి ఉన్నాయి. గుల్ జమాన్ హిందీలో చాలా బాధగా అడిగాడు. పొద్దుటి నుంచి వాసన కోసం కాచుకుని కూర్చున్నాం, మధ్యాహ్నం దాటిపోతోంది, మా గదిలో ఎవరూ కూర వండుకోలేదు, ఈవేళ ఆదివారం కాదా, బిర్యానీ ఏమైంది?

వంటగదిలో నుంచి గ్లాసుల చప్పుడు, దగ్గుల చప్పుడు వస్తున్నాయి. అప్పుడు తెలిసింది భీమరాజుకి సంగతి. పొద్దున్నే ఇనాయతుల్లా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. ఇంతలో అంతస్తులో దగ్గేవాళ్ళందరూ గ్లాసులు పట్టుకుని వరసకట్టారు. చింతపండు పిసకడం, మిరియాలు దంచడం, ఒక గిన్నె అయిపోతే ఇంకో గిన్నె. ఉల్లిపాయలు అలాగే ఉన్నాయి, మాంసం అలాగే ఉంది.

ఇనాయతుల్లా భీమరాజు మంచం మీద కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి ఆ రోజు కాస్త ఎక్కువే మాట్లాడాడు.

"నీ చారు కంటే నా చారు బాగుంటాదన్నా. అబద్ధమెందుకు చెప్పల్ల? నీ అన్నం కంటే నా అన్నం బాగుంటాది, నీ కూర కంటే నా కూర బాగుంటాది. అయితే నాకుండేటివి రెండే చేతులు గదా. ఈ చేతులు చారు కాడుంటే, బిర్యానీ కాడికి ఎవురు పోతారు? చూస్తివి గదా ఈ పొద్దు."

"అయితే జాలిపడి ఉంచుకోలేదా నన్ను?"

"జాలిపడి ఇంతమంది పస్తుంటారా యాడన్నా?"

గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి తెలుగు అర్థం కాలేదు. కానీ భీమరాజు మొహం చూస్తే ఏదో ముడి విడుతోందని వాళ్ళకి తెలిసింది. గోడౌనులో ఎన్ని వేలసార్లు చేత్తో పట్టుకున్నాడో తెలియని ఆ నల్లటి రబ్బరు చుట్ట ఆయన కళ్ళముందు తిరిగింది. ఇంత మోటారు చేసేవాళ్ళకి చుట్ట చెయ్యడం చేతకాక కాదు. తను ఇటలీవాళ్ళని అనవసరంగా ఆడిపోసుకున్నాడు. చుట్ట చేసే మలేషియావాడు మోటారు చేసేవాడికంటే తెలివితక్కువవాడై ఉండొచ్చు, కాకపోవచ్చు. వాడు చుట్ట చేస్తున్నాడు కాబట్టే వీడు మోటారు చేయగలుగుతున్నాడు. చుట్ట లేకపోతే ఆ పెట్టె మూతపడదు, ఓడెక్కదు. అలా మూతపడని పెట్టెలు ఎన్నో ఆయన స్వయంగా పక్కకి తీసి పెట్టాడు. మంచం మీద కూర్చుని ఆయన జ్వరంలోనే పకపకా నవ్వాడు. నవ్వుతో దగ్గొచ్చింది, దగ్గుతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు అచ్చంగా దగ్గువేనని ఎవరూ అనుకోలేదు.

వంగి మంచం కింద నుంచి కంచం తీశాడు, రాజేశ్వర్ దాన్ని అందుకుని అరలో రెండింటి మధ్య పెట్టాడు. ఆ రోజు అందరూ గుల్ జమాన్ రొట్టెల్ని ఇనాయతుల్లా చారులో ముంచుకుని తిన్నారు. మాంసం, ఉల్లిపాయలు ఫ్రిజ్జులో పెట్టారు. ఎవరికీ కడుపు నిండలేదు, అయినా పన్నెండో గదివాళ్ళు చాలాసేపు కబుర్లు చెబుతూ కూర్చున్నారు.

పైవారానికి భీమరాజు లేచి తిరిగాడు. శనివారం సాయంత్రం ఇనాయతుల్లా పక్కన నిలబడి, వెల్లుల్లి ఎప్పుడు వేస్తావని మొదటిసారి అడిగాడు. ఇంత వయసొచ్చాక ఆయన ఒకరిని వంట గురించి అడగడం అదే మొదలు. ఇనాయతుల్లా చెప్పాడు. ఆదివారం పొద్దున్నే భీమరాజు చారు గిన్నె ఎక్కించి, తన పని అయ్యాక ఉల్లిపాయలు తరిగి పెట్టి, బయట గట్టు మీద కూర్చున్నాడు. వంటగది కిటికీలోంచి బిర్యానీ వాసన వరండా పొడుగునా పాకింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రొట్టెలు వచ్చాయి, చేపలు వచ్చాయి, నేల మీద పాత పేపర్లు పరిచారు. భీమరాజు కెటిల్ పట్టుకుని ఒక్కొక్కరి గ్లాసులోనూ చారు పోసుకుంటూ వెళ్ళాడు. తనకంటే బాగా వండేవాడు పక్కనే ఉన్నందుకు అంత సంతోషం కలుగుతుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

రాజేశ్వర్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైందన్నా."

ఇదివరకైతే భీమరాజు గంటసేపు వాదించేవాడు, నీ నాలిక సంగతి చూసుకో అనేవాడు. ఆ రోజు తన గ్లాసులోంచి కొంచెం తాగి చూశాడు.

"నిజమే, తక్కువైంది," అని లేచి, ఉప్పు డబ్బా కోసం వంటగదిలోకి నడిచాడు.